24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కు 4 అడుగుల స్లాషరా, 5 అడుగులదా?

ప్రశ్న — చేవెళ్ల మామిడితోట

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో మెహదీపట్నంలో ఉంటాను. చేవెళ్ల దగ్గర మాకు 8 ఎకరాల మామిడి తోట ఉంది. ఎక్కువ భాగం బంగినపల్లి, గట్టు వెంబడి కొన్ని హిమాయత్ చెట్లు. చెట్టుకూ చెట్టుకూ మధ్య 8 మీటర్ల దూరం ఉంది. నేల ఎర్ర చల్క. అక్కడక్కడ పలుగురాళ్లు పైకి తేలి ఉంటాయి, పల్లపు వైపు మూడు నాలుగు చెదపుట్టలు కూడా ఉన్నాయి.

ఇంతకాలం వానాకాలపు కలుపును అద్దె రోటవేటర్‌తో తిప్పించేవాళ్లం. రెండేళ్ల క్రితం ఒక చెట్టు పాదు దగ్గర చేత్తో మట్టి తీసి చూస్తే, జానెడు లోతులోనే పరుచుకొని ఉండే సన్నని పీచువేళ్లు ముక్కలు ముక్కలై, చివర్లు నల్లబడి కనిపించాయి. ఆ రోజే దున్నడం మానేయాలని, కలుపును కోసి అక్కడే ఆచ్ఛాదనగా వదిలేయాలని నిర్ణయించుకున్నాను. అప్పటినుంచి చేతి బ్రష్ కట్టర్లతో కోయిస్తున్నాం కానీ, ఒక మూల పూర్తయ్యేసరికి ఇంకో మూల మళ్లీ నడుము ఎత్తు పెరుగుతోంది.

మా దగ్గర 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ ఉంది. దానికి వెనుక తగిలించే రోటరీ స్లాషర్ (గుండ్రంగా తిరిగే బ్లేడుతో గడ్డి కోసే యంత్రం) కొనాలని అనుకుంటున్నాను. కోయవలసినది ముఖ్యంగా గరిక, తుంగ, వయ్యారిభామ, అడవి తులసి. కంచె వెంబడి మాత్రం తంగేడు, బొటనవేలు మందం సర్కారు తుమ్మ మొలకలు ఉన్నాయి. అమ్మే దుకాణంవారు 5 అడుగులది సునాయాసంగా లాగుతుందని, ధరలో తేడా కూడా పెద్దగా లేదని చెబుతున్నారు. మా బావగారు 4 అడుగులకు మించవద్దని అంటున్నారు కానీ, ఎందుకని అడిగితే అనుభవమని తప్ప వేరే కారణం చెప్పడం లేదు. హెచ్‌పీ ఒక్కటే చూసి వెడల్పు నిర్ణయించవచ్చా, లేక ఇంకేమైనా కొలవాలా? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు — శంకర్‌పల్లి జామతోట

నమస్కారం. మీ బావగారి మాట సరైనదే. కారణాలు నేను చెబుతాను.

బానెట్ మీద రాసి ఉండే 24 హెచ్‌పీ ఇంజిన్‌ది. స్లాషర్ బ్లేడును తిప్పేది పీటీవో (ఇంజిన్ శక్తిని వెనుక తగిలించిన యంత్రానికి అందించే ఇరుసు) దగ్గర మిగిలే శక్తి. గేర్లలోను, హైడ్రాలిక్ పంపులోను కొంత పోగా ఇంజిన్ శక్తిలో సుమారు 85 శాతం అక్కడికి చేరుతుందని అనుకుంటే, మీకు చేతిలో ఉండేది 20 హెచ్‌పీ. ఖచ్చితమైన అంకె కావాలంటే మీ మోడల్‌కు మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఇచ్చిన పరీక్షా నివేదికను డీలరును అడిగి చూడండి. అందులో పీటీవో శక్తి, లిఫ్ట్ ఎత్తగల బరువు విడివిడిగా ఉంటాయి. ప్రకటన కరపత్రం కన్నా అది నమ్మదగినది.

స్లాషర్ వెడల్పులో ప్రతి అడుగుకూ పీటీవో దగ్గర 5 హెచ్‌పీ ఉండాలన్నది ఎక్కువమంది పాటించే లెక్క. ఆ ప్రకారం 20 హెచ్‌పీకి 4 అడుగులు సరిగ్గా సరిపోతుంది. మోకాలి ఎత్తు ఎండుగడ్డి అయితే దీనికన్నా తక్కువ శక్తితోనూ పని జరుగుతుంది. అయితే మీరు చెప్పిన నడుము ఎత్తు వయ్యారిభామ, అదీ ఆగస్టులో నీరు పట్టి ఉన్నప్పుడు, చాలా బరువైన పని. బ్లేడు దాన్ని కోయడంతో సరిపోదు. కోసిన తడి ముద్దను డెక్ (బ్లేడు పైన ఉండే ఇనుప కప్పు) కింద తిప్పి వెనక్కి నెట్టాలి. శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చవుతుంది.

వెడల్పు ఎక్కువైతే పని త్వరగా అవుతుందన్న మాటను కూడా లెక్క వేసి చూడండి. 4 అడుగులంటే 1.22 మీటర్లు. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, మలుపులకూ ఒక వరసపై ఇంకో వరస పడటానికీ నాలుగో వంతు తీసేస్తే, గంటకు దాదాపు 2,745 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో మూడింట రెండు వంతులకు కాస్త పైన కోయగలుగుతారు. మీ 8 ఎకరాలకు సుమారు 12 గంటలు పడుతుంది. 5 అడుగుల దానితో అదే వేగంలో తొమ్మిదిన్నర గంటలు చాలు. కానీ ఇంజిన్ కుంగిపోతోందని మీ డ్రైవరు వేగాన్ని 2 కిలోమీటర్లకు తగ్గించాడంటే అదే 5 అడుగుల స్లాషర్‌కు 14 గంటలు దాటుతుంది. పైగా బ్లేడు వేగం తగ్గగానే గడ్డి తెగడం మాని వంగిపోతుంది, మళ్లీ రెండోసారి తిరగవలసి వస్తుంది. నేను మొదట్లో పక్క తోటవారి 5 అడుగుల స్లాషర్ అరువు తెచ్చి, మా 22 హెచ్‌పీ ట్రాక్టర్‌తో ఒక రోజంతా పడిన అవస్థ ఇదే. సాయంత్రానికి తోటంతా తలదువ్వినట్టు ఒకవైపుకు వంగిన గడ్డే కనిపించింది.

హెచ్‌పీ తర్వాత చూడవలసినవి రెండు: ట్రాక్టర్ ముందు చక్రాల మీద ఉన్న బరువు, వెనుక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు ఉన్న వెడల్పు. కొలిచి చెప్పండి, మిగిలినది అప్పుడు చూద్దాం.

జవాబు — బాలానగర్ వర్క్‌షాప్

వెడల్పు గురించి పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. నేను వీటిని బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి, ట్రాక్టర్‌కూ స్లాషర్‌కూ మధ్య ఉండే భాగాల సంగతి చెబుతాను. సైజు సరిగ్గా ఎంచుకొని కూడా ఇక్కడ నష్టపోయేవారు ఎక్కువ.

మొదటిది పీటీవో షాఫ్ట్ పొడవు. స్లాషర్‌తో వచ్చే షాఫ్ట్ పెద్ద ట్రాక్టర్లకు సరిపోయే పొడవుతో ఉంటుంది. మినీ ట్రాక్టర్‌కు పీటీవోకూ గేర్‌బాక్స్‌కూ మధ్య దూరం తక్కువ. కోయకుండా అలాగే తగిలించి లిఫ్ట్ ఎత్తితే, లోపలి గొట్టం బయటి గొట్టంలో చివరిదాకా దూరి, ఇక పోవడానికి చోటు లేక పీటీవో బేరింగ్‌నో స్లాషర్ గేర్‌బాక్స్‌నో పగలగొడుతుంది. స్లాషర్‌ను మెల్లగా పైకీ కిందికీ కదిలిస్తూ, షాఫ్ట్ అతి పొట్టిగా ఉండే స్థితిలో కూడా కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలేలా, అతి పొడవుగా ఉండే స్థితిలో గొట్టాలు మూడో వంతు పొడవైనా ఒకదానిలో ఒకటి ఉండేలా కొలిచి కోయించాలి. ఇనుప గొట్టాలతో పాటు పైన ఉండే ప్లాస్టిక్ కవచాన్ని కూడా అంతే కోయాలి. కవచం తీసి పారేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్ట్ లుంగీ కొసను అందుకుంటే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి కూడా ఉండదు. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి.

రెండవది ఓవర్ రన్నింగ్ క్లచ్, అంటే ట్రాక్టర్ బ్లేడును తిప్పగలిగినా బ్లేడు తిరిగి ట్రాక్టర్‌ను తోయకుండా షాఫ్ట్‌కు బిగించే భాగం. మీ ట్రాక్టర్‌లో పీటీవోకు ప్రత్యేకమైన క్లచ్ లేకపోతే ఇది తప్పనిసరి. బరువైన బ్లేడు ఒకసారి వేగం అందుకున్నాక, మీరు క్లచ్ నొక్కినా అది తన వేగంతోనే తిరుగుతూ పీటీవో ద్వారా గేర్‌బాక్స్‌ను, దాని ద్వారా చక్రాలను ముందుకు తోస్తూనే ఉంటుంది. పనిలో చేరిన కొత్తలో నేనే ఒక ట్రాక్టర్‌ను పరీక్షిస్తూ, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకొని ఉండగానే అది ఎదుట ఉన్న రేకుల గోడను గుద్దేదాకా ఆగలేదు. బండిలో లోపమేమీ లేదు, ఈ చిన్న భాగం లేకపోవడమే కారణం. స్లాషర్ ఎంత పెద్దదైతే బ్లేడు అంత బరువుగా ఉంటుంది, ఆ తోపు అంత ఎక్కువగా ఉంటుంది. చిన్న ట్రాక్టర్‌కు పెద్ద స్లాషర్ వద్దనడానికి ఇది కూడా ఒక కారణమే.

మూడవది, రాయి తగిలినప్పుడు విరగవలసిన బోల్టు. దాన్ని మెత్తని ఇనుముతో చేస్తారు, దాని పనే విరిగిపోవడం. మాటిమాటికీ విరుగుతోందని 8.8 గ్రేడు హైటెన్సిల్ బోల్టు బిగించి, తర్వాత గేర్‌బాక్స్ పళ్లు పోగొట్టుకొని నా దగ్గరికి వచ్చేవారు ప్రతి వానాకాలంలోనూ ఉంటారు. రాణిగంజ్‌లో 4.6 గ్రేడు బోల్టులు గుప్పెడు కొని టూల్ బాక్స్‌లో వేసుకోండి. బోల్టు బదులు స్లిప్ క్లచ్ (భారం మించితే విరగకుండా జారిపోయే ప్లేట్ల అమరిక) ఉన్న స్లాషర్ తీసుకుంటే, అది వాడని నెలల్లో తుప్పు పట్టి ప్లేట్లు అంటుకుపోతాయి. అలా అంటుకుపోయిన స్లిప్ క్లచ్ ఉన్నా లేనట్టే. ప్రతి జూన్‌లో స్ప్రింగ్ నట్లను కాస్త వదులు చేసి, కొన్ని క్షణాలు జారనిచ్చి, మళ్లీ మునుపటి కొలతకే బిగించాలి.

జవాబు — షాద్‌నగర్ సీతాఫలం

పెద్దలు ఇద్దరూ చెప్పినదాన్ని కాదనడం లేదు కానీ, నా అనుభవం కొంచెం వేరుగా ఉంది. నేను 28 హెచ్‌పీ ట్రాక్టర్‌తో 5 అడుగుల స్లాషర్‌ను మూడు సీజన్లుగా వాడుతున్నాను. ఇంజిన్ కుంగడం లేదు, బేరింగు పోలేదు. దానికి కారణం నేను గడ్డిని మోకాలు దాటనివ్వకపోవడం. జూలై మొదట్లో ఒకసారి, తర్వాత మూడు నాలుగు వారాలకొకసారి కోస్తాను. డెక్ ముందు అంచు వెనుక అంచు కన్నా రెండు సెంటీమీటర్లు కిందికి ఉండేలా టాప్ లింక్ (స్లాషర్‌ను ట్రాక్టర్‌కు పైభాగంలో కలిపే కడ్డీ) సర్దుకుంటాను. అలా ఉంటే కోసిన గడ్డి మళ్లీ మళ్లీ బ్లేడుకు తగలకుండా వెనక్కి జారిపోతుంది, ఇంజిన్ మీద భారం తగ్గిన తేడా శబ్దంలోనే తెలుస్తుంది. వయ్యారిభామను పూతకు ముందే కోస్తే విత్తనం రాలదు, మరుసటి ఏడు మొలకే తగ్గుతుంది.

కాబట్టి నెలకోసారి కోసే ఓపిక ఉన్నవారికి వెడల్పు మరీ అంత కఠినమైన నియమం కాదని నా అభిప్రాయం. అయితే నాది 28, మీది 24. నా పొలంలో రాళ్లు లేవు, చెదపుట్టలు లేవు. మీ కంచె పక్కన ఉన్న తుమ్మ మొలకలకు కూడా నా స్లాషర్ సరిపోదు. నాది గడ్డికి ఉద్దేశించిన తేలిక రకం, దానితో 25 మిల్లీమీటర్లు దాటిన కాండాన్ని కోయవద్దని తయారీదారులే రాశారు. వెడల్పు ఏదైనా, ఎంత మందం కాండం వరకు కోస్తుందో తప్పక అడగండి.

చేవెళ్ల మామిడితోట

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ట్రాక్టర్‌ను చేవెళ్లలో ధర్మకాంటాకు తీసుకువెళ్లాను. డీజిల్ నింపి, డ్రైవరు లేకుండా మొత్తం బరువు 850 కిలోలు ఉంది. ముందు చక్రాలను మాత్రమే కాంటా మీద ఉంచితే 340 కిలోలు చూపింది. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 1.5 మీటర్లు. వెనుక టైర్ల బయటి అంచుల మధ్య 116 సెంటీమీటర్లు.

దుకాణంలో రెండు స్లాషర్లనూ చూశాను. 4 అడుగులది 200 కిలోలు, 5 అడుగులది 290 కిలోలు. ట్రాక్టర్ వెనుక ఇరుసు నుంచి స్లాషర్ నడిమి భాగానికి దూరం మొదటిదానికి సుమారు 1.3 మీటర్లు, రెండవదానికి 1.45 మీటర్లు వస్తుంది. లిఫ్ట్ 700 కిలోలకు పైగా ఎత్తుతుందని ట్రాక్టర్ పుస్తకంలో ఉంది కాబట్టి, రెండింటినీ ఎత్తగలదనే అనుకుంటున్నాను. పీటీవోకు మా బండిలో వేరే క్లచ్ లేదు, ఓవర్ రన్నింగ్ క్లచ్ కూడా లేదు. ఈ విషయం ఇక్కడ అడగకపోతే నాకు తెలిసేదే కాదు.

శంకర్‌పల్లి జామతోట

చాలా మంచి పని చేశారు. ధర్మకాంటా దాకా వెళ్లి కొలిచేవారు అరుదు.

లిఫ్ట్ రెండింటినీ ఎత్తుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ 700 కిలోల అంకెను లిఫ్ట్ చేతుల కొస దగ్గర కొలుస్తారు. స్లాషర్ బరువు అక్కడ ఉండదు, అంతకన్నా వెనుక ఉంటుంది. అంతకు మించి, ఎత్తగలగడం వేరు, ఎత్తాక ముందు చక్రాలు నేలమీద నిలవడం వేరు. వెనుక ఇరుసును తూకపు ముల్లుగా భావించండి. వెనుక వేలాడే బరువును దాని దూరంతో గుణించి, ఇరుసుల మధ్య దూరంతో భాగిస్తే, ముందు చక్రాల నుంచి ఎంత బరువు లేచిపోతుందో వస్తుంది.

4 అడుగుల దానికి 200 ను 1.3 తో గుణించి 1.5 తో భాగిస్తే 173 కిలోలు. మీ 340 లో ముందు 167 మిగులుతుంది. 5 అడుగుల దానికి 290 ను 1.45 తో గుణించి 1.5 తో భాగిస్తే 280 కిలోలు. ముందు మిగిలేది 60 కిలోలు. స్టీరింగు మాట వినాలంటే మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉండాలన్నది నియమం. 4 అడుగుల దానితో మొత్తం 1,050 కిలోలు అవుతుంది కాబట్టి 210 కావాలి, మీకు 43 తక్కువ. ముందు ఇరుసుకు అర మీటరు ముందు బిగించే బరువు ఒక్కో కిలోకూ 1.33 కిలోల పని చేస్తుంది కనుక, మొత్తంలో కూడా అది కలుస్తుందని లెక్క వేసినా, 40 కిలోల ముందు వెయిట్లు పెట్టుకుంటే సరిపోతుంది. 5 అడుగుల దానికి ఇదే లెక్కతో దాదాపు 150 కిలోలు కావాలి. అంత బరువు బిగించే స్థలం ఈ సైజు ట్రాక్టర్ ముందు భాగంలో దొరకడమే కష్టం, దొరికినా ముందు ఇరుసు మీద ఆ భారం రోజూ పడుతుంది.

కోసేటప్పుడు స్లాషర్ బరువు కొంత దాని వెనుక చక్రం మోస్తుంది కాబట్టి తేడా తెలియదు. మలుపులో ఎత్తినప్పుడు, గట్టు ఎక్కినప్పుడు తెలుస్తుంది. మీ 8 మీటర్ల సాళ్లలో ప్రతి రెండు మూడు నిమిషాలకు ఒకసారి ఎత్తి తిప్పవలసిందే. షాద్‌నగర్ వారిది మీకన్నా బరువైన ట్రాక్టర్ అయి ఉంటుంది. వారికి నడిచినది మీకు నడవకపోవడానికి ఆ తేడా చాలు.

ఇక వెడల్పు. మీ టైర్ల బయటి కొలత 116, 4 అడుగుల కోత 122 సెంటీమీటర్లు. ఒక్కో వైపు 3 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ. స్లాషర్ ఏమాత్రం పక్కకు జరిగినా టైరు తొక్కిన గడ్డి ఒక చారగా కోయకుండా మిగిలిపోతుంది. అందుకని లిఫ్ట్ చేతులకు ఉండే పక్క గొలుసులను బాగా బిగించి, స్లాషర్‌ను సరిగ్గా మధ్యలో నిలపండి. రిమ్ములను తిప్పి బిగించి చక్రాలను దగ్గరికి జరిపే వీలు కొన్ని ట్రాక్టర్లలో ఉంటుంది కానీ, మీ పల్లపు వైపు వాలు ఉంటే ఆ పని చేయవద్దు. ఒరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది.

నా సలహా: 4 అడుగులది, 50 మిల్లీమీటర్ల కాండం వరకు కోసే మధ్యరకం గేర్‌బాక్స్ ఉన్నది తీసుకోండి. అది మీరు చూసిన 200 కిలోల దానికన్నా బరువుగా ఉంటే ముందు వెయిట్లను ఇదే లెక్కతో పెంచుకోండి.

బాలానగర్ వర్క్‌షాప్

ఇంకొక్క మాట. చిన్న స్లాషర్ కదా అని బ్లేడు వేగం తక్కువ ఉంటుందని అనుకోవద్దు. వ్యాసం తగ్గిన కొద్దీ గేర్‌బాక్స్‌లో చుట్లు పెంచుతారు. గేరు నిష్పత్తి 1:1.93 ఉన్న 4 అడుగుల స్లాషర్‌లో బ్లేడు నిమిషానికి 1,042 చుట్లు తిరుగుతుంది, దాని కొస వేగం గంటకు 235 కిలోమీటర్లు దాటుతుంది. మీ ట్రాక్టర్‌లో పీటీవోకు 540 కాక ఇంకో ఎక్కువ వేగం కూడా ఉంటే, ఆ లివరును స్లాషర్ తగిలించి ఉన్నంతకాలం ముట్టుకోవద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పండి. ముందు, వెనుక గొలుసుల తెర ఉన్న స్లాషరే కొనండి. గొలుసులున్నా రాయి 90 మీటర్ల దాకా ఎగరగలదని ఈ యంత్రాల పుస్తకాల్లోనే హెచ్చరిక ఉంటుంది, అంటే మీ తోటలో పది పన్నెండు చెట్ల దూరం. కోత జరుగుతున్నంతసేపు ఆ దూరంలో మనుషులు, పశువులు ఉండకూడదు.

చేవెళ్ల మామిడితోట

4 అడుగుల మధ్యరకానికే, ఓవర్ రన్నింగ్ క్లచ్‌తో కలిపి, ఈ రోజు బయానా ఇచ్చాను. దాని బరువు 230 కిలోలు. మీరు చెప్పిన లెక్క ప్రకారం ముందు వెయిట్లు 70 కిలోలు అవసరమని వచ్చింది, 20 కిలోలవి నాలుగు చెప్పాను. షాఫ్ట్‌ను తోట దగ్గరే తగిలించి కొలిచాకే కోయిస్తాను. స్లాషర్ వచ్చేలోపు ఈ ఆదివారం సాళ్లలో పలుగురాళ్లు ఏరించి, చెదపుట్టల చుట్టూ మనిషెత్తు వెదురు కర్రలు పాతించి, వాటికి ఎర్ర గుడ్డ కట్టిస్తున్నాను. గడ్డి నడుము ఎత్తు ఉన్నప్పుడు పుట్ట ఎక్కడుందో డ్రైవరుకు కనబడదు.